కష్టం దగ్గర ఆపొద్దు

మా పెద్దమ్మ మనోరమను చూడనివాళ్లకు కూడా తాండూరులో ఆమె గొంతు తెలుసు. మధ్యాహ్నం భోజనాలయ్యాక దుకాణాలు సగం షట్టర్లు దించుకుంటాయి. పప్పు బస్తాల మీద నడుం వాల్చినవాళ్లకు పక్క వీధిలోని మహిళా సంఘం హాల్లోంచి ఆ గొంతు వినిపిస్తుంది. మైకు ఉంది. వాడదు. "మైకుల చదివితే అది మీటింగ్ అయితది, పారాయణం గాదు" అంటుంది.

ఆమె పుట్టింది వికారాబాద్‌లో. పదో తరగతి పాసైంది. పెళ్లి చేసుకుని తాండూరు వచ్చేసరికి అత్తగారికి చూపు మందగించింది. మధ్యాహ్నం పూట నాకు ఇంత పురాణం చదివి వినిపించవే అని ఆ ముసలావిడ అడిగితే మొదలుపెట్టింది. పక్కింటివాళ్లు వచ్చి వినడం మొదలుపెట్టారు. వాళ్ల వెంట వాళ్ల చుట్టాలు వచ్చారు. ఇంట్లో చోటు చాలక హాలుకు మారారు. అత్తగారు పోయి చాలా కాలమైంది, పారాయణం మాత్రం ఆగలేదు. ఆడవాళ్లు దూది తెచ్చుకుంటారు. వింటూ దీపాలకు వత్తులు చేస్తారు. బషీరాబాద్ నుంచి షేరింగ్ ఆటోలో వచ్చే ఒక కన్నడ ఆవిడ ఎక్కడ దుఃఖం వచ్చినా "అయ్యో పాప" అంటుంది, మన అయ్యో పాపమే. పెద్దమ్మ ఆ మాటకు ఒక క్షణం ఆగి మళ్లీ అందుకుంటుంది.

ఇందులో గొప్పేముంది, చదువు వచ్చినవాళ్లంతా చదువుతారు కదా అని నేను కూడా అనుకునేవాణ్ణి. పెదనాన్న సోమేశ్వర్ కందిపప్పు దుకాణంలో చేరాక వాళ్లింట్లోనే ఉంటున్నాను కాబట్టి అసలు సంగతి కళ్లారా చూశాను. ఆమె ఆ రోజు చదవాల్సిన భాగాన్ని పొద్దున్నే వంటింట్లో ఒక్కతే కూర్చుని చదువుతుంది. పైకి కాదు, పెదవులతో. ఏడుపు వస్తే అక్కడే ఏడుస్తుంది. ముక్కు చీదుకుని, మొహం కడుక్కుని, పప్పులో తాలింపు వేస్తుంది.

"ఎందుకు పెద్దమ్మా, మధ్యాహ్నం ఎట్లాగూ చదువుతవు గదా" అని అడిగాను ఒకసారి.

"ఏడుపు ఇంట్లనే అయిపోవాలెరా. ఆడ నేనేడిస్తే అందరు నన్ను సూస్తరు. కథను ఎవ్వరు ఇనరు."

పని తెలిసినవాళ్లను నేను తక్కువమందిని చూశాను. ఆమె ఒకతె.

ఆమెకు రెండు నియమాలు. దీపం పెట్టి, కొబ్బరికాయ కొట్టి మొదలుపెట్టిన పుస్తకాన్ని చివరిదాకా చదవాలి. నేను ఇంజనీరింగ్ రెండో ఏడు మధ్యలో వదిలేసి వచ్చినవాణ్ణి కాబట్టి ఆ ఇంట్లో ఈ నియమం గురించి నా ముందు పెద్దగా మాట్లాడరు. రెండోది, ఆ రోజు చదువు కష్టం దగ్గర ఆపకూడదు. సీతమ్మ అశోకవనంలో ఏడుస్తుంటే ఆపకూడదు, హనుమంతుడు వచ్చి ఉంగరం ఇచ్చేదాకా చదవాలి. హరిశ్చంద్రుడు కాటికాపరిగా ఉండగా పుస్తకం మూయకూడదు. ఇది ఆమె పెట్టిన నియమం కాదు, పారాయణాలు చేసే ఇళ్లలో అందరికీ తెలిసిందే. ఎందుకని అడిగితే మాత్రం ఒక్కొక్కరూ ఒక్కోటి చెబుతారు. పెద్దమ్మ చెప్పింది ఇది:

"సీతమ్మను వనంల ఇడిసిపెట్టి మనం ఇంటికొచ్చి బువ్వ తింటమా? మనం మళ్ల తెరిచేదాక ఆమె ఆడనే కూసుంటది."

నిరుడు శ్రావణంలో మా మేనమామ అనంతయ్య వికారాబాద్‌లో పాత ఇల్లు ఖాళీ చేశాడు. పాత పుస్తకాల కుప్ప ఒకటి బయటపడింది. పెద్దమ్మ వాటిలో అన్నిటికంటే లావుదాన్ని ఎత్తుకుంది. శ్రావణమంతా రావాలి కదా. అట్టకు ఖాకీ కాగితం వేసి ఉంది. పేరున్న పేజీ చిరిగిపోయింది. మొదటి పేజీ తెరిచి నిలబడే చదివింది:

"ప్రతి శుక్రవారం పొద్దు గుంకక ముందే మా అమ్మ తల మీద గుడ్డ కప్పుకుని దీపాలు వెలిగించేది. వాటి మీదుగా మూడుసార్లు చేతులు తిప్పి, కళ్లు మూసుకుని దేవుణ్ణి తలుచుకునేది."

"ఎవరో మహా భక్తురాలి చరిత్ర" అంది పెద్దమ్మ. ఇంకేమీ చూడలేదు. శుక్రవారం దీపం పెట్టే ఆడమనిషి కథ శ్రావణ మాసంలో దొరికితే ఎవరు మాత్రం ఇంకేం చూస్తారు? పుస్తకానికి పసుపు కుంకుమ పెట్టింది. సంఘం అధ్యక్షురాలు పుష్పమ్మ తన చేతులతో కొబ్బరికాయ కొట్టింది. పుస్తకం వ్యాసపీఠం ఎక్కింది.

మొదటి రోజులు బాగానే నడిచాయి. కథ చెప్పే ఎస్తేరు అనే పిల్ల, ఆమె తమ్ముడు యాకోబు, దీపాలు పెట్టే అమ్మ, గుండీలు దారాలు అమ్మే నాన్న. ఎక్కడో చలిదేశంలో చిన్న ఊరు.

"ఎస్తేరా? గిదేం పేరు వదినె?" అంది పుష్పమ్మ.

"భక్తికి దేశమేంది?" అంది పెద్దమ్మ.

కథ ఆడవాళ్లకు నచ్చింది. దుకాణం వెనకాలే ఇల్లు, గిరాకీ వస్తే అన్నం ముందు నుంచి లేవడం, పండుగకు ముందు రోజు తల్లి అందరి మీదా అరవడం. మన ఇండ్లలెక్కనే ఉంది అనుకున్నారు. ఆ తర్వాత ఊళ్లోకి సైనికులు వచ్చారు. ఆ పిల్ల వాళ్ల దుకాణం అద్దాలు పగలగొట్టారు. బట్టల మీద గుర్తు కుట్టుకోకుండా బయటికి రావద్దన్నారు.

"వీళ్లేం జేసిండ్రని?" అని ఒకావిడ అడిగింది.

"ఏం జెయ్యలే."

"ఏం జెయ్యకుంటే ఊకెనే అద్దాలు పగలగొడ్తరా? ఏదో జేసే ఉంటరు. సూడు, ముందట రాసి ఉంటది."

పెద్దమ్మ నిజంగానే రెండు పేజీలు ముందుకు తిప్పి చూసింది. మళ్లీ వెనక్కి వచ్చింది. "లేదు. యూదులని రాసిండ్రు. గంతే."

"మరి అద్దాలు పగలగొట్టింది ఎవ్వరు, సిపాయిలేనా?"

"సిపాయిలు ఇద్దరే. మిగిలినోళ్లు ఊరోళ్లే. మొన్న దాక వీళ్ల దగ్గర్నే గుండీలు కొన్నోళ్లు."

ఆ మాటకు వత్తులు చేసే చేతులు ఆగిపోయాయి. అక్కడున్న అందరివీ దుకాణాలున్న కుటుంబాలే.

ఆ సాయంత్రమే పుష్పమ్మ ఇది పురాణం కాదు, ఆపేద్దాం అంది. కొబ్బరికాయ కొట్టింది నువ్వే కదా వదినె అని పెద్దమ్మ జవాబు. పుష్పమ్మ అరగంట తిట్టుకుంది గానీ ఆపమని మళ్లీ అనలేకపోయింది. నియమాల విషయంలో ఆమె పెద్దమ్మ కంటే గట్టిది.

పుష్పమ్మ కోపానికి వేరే కారణం ఉంది. ఆమె కోడలు నిరోషా. నిరోషాకు వేసవిలో ఆడపిల్ల పుట్టి, పేరు పెట్టే రోజు రాకముందే పోయింది. అప్పటి నుంచి నిరోషా గదిలోంచి రావడం లేదు. పిలిస్తే వస్తుంది, పెడితే తింటుంది, అడిగితే తల ఊపుతుంది. ఇంట్లో ఉయ్యాల తీసేశారు, గుడ్డలు ఎవరికో ఇచ్చేశారు. బిడ్డ మాట ఎత్తవద్దని పెద్దలు గట్టిగా చెప్పారు. ఒంటరిగా వదలడానికి భయమేసి పుష్పమ్మ ఆమెను పారాయణానికి వెంటబెట్టుకు వచ్చేది. గోడకు ఆనుకుని కూర్చుని ఎవరి వైపూ చూడకుండా వత్తులు చేసేది. రాముడి కథ వచ్చింది పోయింది, సత్యనారాయణస్వామి కథ వచ్చింది పోయింది. ఆమె తల ఎత్తలేదు.

ఒక రోజు పెద్దమ్మ చదువుతోంది. ఎస్తేరు వాళ్లను ఇంకొందరితో కలిపి ఒక ఇరుకు వీధిలో పెట్టి చుట్టూ గోడ కట్టారు. అక్కడివాళ్లను కొందరు కొందరుగా రైలెక్కించి ఎక్కడికో పంపుతున్నారు. నాన్న అక్కడే జ్వరంతో పోయాడు. రొట్టె కోసం తల్లి దీపపు సెమ్మెలు అమ్మేసింది. ఆ శుక్రవారం పొద్దు గుంకక ముందే తల మీద గుడ్డ కప్పుకుని ఖాళీ బల్ల ముందు నిలబడింది. మూడుసార్లు చేతులు తిప్పి కళ్లు మూసుకుంది.

"దీపం లేకుండనే?"

అడిగింది నిరోషా. హాలంతా అటు తిరిగింది. పెద్దమ్మ తిరగలేదు. రోజూ ఆమె ప్రశ్నలకు జవాబులు చెబుతున్నట్టే, పుస్తకం మీదనుంచి చూపు తీయకుండా, "లేకుండనే బిడ్డా" అంది. చదువు సాగించింది.

ఆ మాట ఎక్కడిదాకా పోయిందో మర్నాడు పుష్పమ్మ కొడుకు కౌశిక్ మా దుకాణానికి వచ్చి చెప్తే తెలిసింది. బస్తా మీద కూర్చున్నాడు, లేచాడు, మళ్లీ కూర్చున్నాడు. "మామా, నిన్న రాత్రి తను మాట్లాడింది. 'ఆ పిల్ల వాళ్లమ్మను గూడ రైలు ఎక్కించిండ్రా' అని నన్నడిగింది. నాకేం తెలుసు? కథేందో నాకు తెల్వదు. అయినా గాని కూసొని ఎక్కించే ఉంటరని జెప్పిన. గంత సేపు మాట్లాడుకున్నం. నెలలైంది మాట్లాడక." పెదనాన్న తూకం ఆపాడు. "అత్తకు జెప్పుండ్రి" అన్నాడు కౌశిక్. "ఆపొద్దని. మా అమ్మ ఆపిస్తనంటుంది."

ఆ సాయంత్రం పుష్పమ్మ మా ఇంటికి వచ్చింది. చెప్పులు విప్పుతూనే మొదలుపెట్టింది.

"మనోరమా, నా కోడలు పిడికెడు బువ్వ తింటలేదు. నువ్వు రోజు ఆకలి కథ సదువుతున్నవ్. సచ్చిన పిల్లల కథ సదువుతున్నవ్. జర సోయి ఉండాలె మనిషికి."

"నిరోషా అడిగింది గదా వదినె, తర్వాతేమైందని."

"అడుగుతది. పుండు ఉన్నోళ్లు దాన్నే గోక్కుంటరు."

"మీ ఇంట్ల ఆమెతోని ఏం మాట్లాడుతున్నరు?"

"ఏం మాట్లాడుతం? యాదికి రావొద్దని ఏం మాట్లాడుతలేం."

"గదే" అంది పెద్దమ్మ.

పుష్పమ్మ మొహం ఎర్రబడింది. ఆమె చెడ్డ మనిషి కాదు. కోడలి కోసం మొక్కని దేవుడు లేడు. కానీ భయపడింది, భయపడినవాళ్లు తాళాలు వేస్తారు. "రేపు శుక్రవారం. మధ్యల ఆపొద్దంటవ్, సరే, ఆపకు. రేపటితోని ఖతం గావాలె. ఎన్ని పేజీలున్నా సరే. ఎల్లుండి నుంచి హాలు తాళంచెవి నా దగ్గరుంటది, నిరోషా ఇంట్లుంటది."

పుష్పమ్మ వెళ్లాక పెద్దమ్మ పుస్తకం తీసి మిగిలిన మందాన్ని బొటనవేలితో చూసింది. మూడో వంతు ఉంది. వారం రోజుల చదువు. పైగా ఆమె గొంతులో కాయలున్నాయని వికారాబాద్ డాక్టరు చెప్పి నెల కాలేదు. రోజుకు అరగంట మించి చదవద్దన్నాడు. ఆ శుక్రవారం సాయంత్రం రైలుకు ఆమెను మళ్లీ డాక్టరు దగ్గరికి తీసుకుపోవాల్సింది నేనే.

"చివరి పేజీ చూడు, మంచిగ ముగిస్తే అదొక్కటి చదివెయ్యి" అన్నాడు పెదనాన్న.

"ఎస్తేరుకు తెల్వదు గదా చివరికేమైతదో. నేనెందుకు ముందు సూడాలె?"

శుక్రవారం పొద్దున ఆమె వంటింట్లో మామూలుగా కూర్చుంది. కానీ వారం చదువును ఒక పొద్దుటి పూట ఏడ్చి ముగించడం కుదరదు. కొంత దూరం పోయి మూసేసింది. మిగిలింది హాల్లో అందరితోపాటే మొదటిసారి చదవాలి.

భోజనాలు కాగానే మొదలుపెట్టింది. నేను రైలు కోసమని ఆమె సంచి పట్టుకుని బయట వరండాలో చెప్పుల పక్కన కూర్చున్నాను. కిటికీలోంచి అంతా కనిపిస్తుంది. పురాణాలంటే నాకు నిద్ర వస్తుంది. ఆ రోజు రాలేదు.

ఎస్తేరును, తల్లిని, తమ్ముణ్ణి శిబిరంలో దింపారు. తల్లీ తమ్ముడూ ఒక వరసలోకి, పిల్ల ఒక వరసలోకి వెళ్లారు. తల్లి వెనక్కి తిరిగి చూసిందో లేదో జనంలో కనిపించలేదు. ఎస్తేరు జుట్టు తీసేశారు. చలిలో నిలబెట్టారు. పక్కన పడుకున్న అమ్మాయి పొద్దున్నే లేవలేదు. పెద్దమ్మ గొంతు మామూలు కంటే తక్కువ స్థాయిలో, ఒకే వేగంతో పోతోంది. ఎవరి దూది వాళ్ల ఒళ్లో అట్లాగే ఉంది.

ఒక చోట ఒక ముసలామె ఎస్తేరుకు తన రొట్టెలో సగం తుంచి ఇచ్చింది.

"గీడ ఆపొచ్చు గదా వదినె" అంది పుష్పమ్మ వెంటనే. "మంచే జరిగింది."

పెద్దమ్మ కళ్లద్దాల మీదుగా గోడ వైపు చూసింది. నిరోషా పెదవులు బిగించుకుని ముందుకు వంగి ఉంది. పెద్దమ్మ పేజీ తిప్పింది.

దుకాణాలు తెరిచే వేళ దాటింది. టీ వేళ దాటింది. మా రైలు వెళ్లిపోయింది. పొద్దు వాలుతుంటే ఆడవాళ్లలో కదలిక మొదలైంది. శ్రావణ శుక్రవారం, ఇళ్లల్లో దీపం పెట్టాలి. కానీ కష్టం మధ్యలో లేచి పోయేదెట్లా? ఒకావిడ కొంగు చాటున ఫోన్ చేసింది. "ఏమండీ, నేను వచ్చేటట్టు లేదు. దీపం మీరే పెట్టుండ్రి. నూనె ఎక్కడుందంటే, దేవుని అర్రలనే. అయ్యో, అది ఆముదం, అది గాదు!" ఆమె తర్వాత ఇంకొకావిడ. తాండూరులో ఆ సాయంత్రం ఎంతమంది మగవాళ్లు మొదటిసారి వత్తి వేశారో నాకు తెలియదు. దీపం పెట్టినవాళ్లు ఏమైందోనని హాలు దగ్గరికి వచ్చారు. చేతుల నిండా పసుపు కుంకుమతో పెదనాన్న వచ్చాడు. కౌశిక్ బండి మీద వచ్చాడు. లోపల ఆడవాళ్లు కూర్చున్నారని ఎవరూ లోపలికి పోలేదు. చెప్పుల దగ్గర నా పక్కన వరసగా నిలబడి విన్నారు.

పెద్దమ్మ గొంతు ముందు బొంగురుపోయింది. నీళ్లు తాగింది. తర్వాత అక్షరాల మధ్య గాలి రావడం మొదలైంది. ఎస్తేరుకు జ్వరం వచ్చింది. ఇక బతకరనుకున్నవాళ్లను పడేసే రేకుల కొట్టంలోకి ఆమెను ఈడ్చుకుపోయారు. చుట్టూ చనిపోయినవాళ్లు. తలుపు బయట నుంచి వేశారు.

అక్కడ గొంతు ఆగింది. నోరు తెరిచింది, శబ్దం రాలేదు. మళ్లీ తెరిచింది. గొంతు పట్టుకుంది. నేను లేచి నిలబడ్డాను. పెదనాన్న నా భుజం మీద చెయ్యి వేసి ఆపాడు.

నిరోషా తల వంచి ఉంది. ఒళ్లో ఆమె చేతులు ఒకదాన్నొకటి గట్టిగా పట్టుకుని ఉన్నాయి. పుష్పమ్మ తాళంచెవుల గుత్తి వేలికి తగిలించుకుని కూర్చుని ఉంది. ఆమె అడిగింది ముగించమనే. ఆ పుస్తకం అక్కడ మూసేసి లేచిపోతే అడ్డు చెప్పేవాళ్లెవరూ లేరు. ఆమె పెద్దమ్మ వైపు చూసింది, కోడలి వైపు చూసింది.

"ఇయ్యి ఇటు" అంది. "దాన్ని కొట్టంల పెట్టి ఎట్ల పోతం?"

పుష్పమ్మ నాలుగో తరగతి. ఉత్తరం మీద అడ్రసు చదవడం వచ్చు, పంచాంగం చదవడం వచ్చు. పుస్తకాన్ని మొహానికి దగ్గరగా పట్టుకుని అక్షరం అక్షరం కూడబలుక్కుంది. "మూ... మూడో నాడు... తలు... తలుపు తె... తెరు..." ఆ వేగంతో పోతే తలుపు తెరుచుకోవడానికి తెల్లారేటట్టు ఉంది. వెనక నుంచి "తెరుచుకుంది" అని ఎవరో అందించారు. చూస్తే నిరోషా. లేచి వచ్చి అత్తగారి పక్కన కూర్చుంది. గీత కింద వేలు పెట్టింది. ఆ వేలు కదిలిన కొద్దీ పుష్పమ్మ చదివింది. ఆగిన చోట నిరోషా అందించింది.

తలుపు తెరిచింది వేరే దేశపు సైనికులు. యుద్ధం అయిపోయింది. ఒక సైనికుడు ఎస్తేరును దుప్పటిలో చుట్టి బయటికి మోసుకొచ్చాడు. చెంచాతో పాలు తాగించాడు.

"అమ్మయ్య" అంది పుష్పమ్మ. పుస్తకం మూయబోయింది. "పాలు తాగింది. సాలు. గీడ ఆపుదాం."

"ఇంకున్నయి అత్తమ్మా" అంది నిరోషా. పేజీ తిప్పింది.

ఎస్తేరు తన ఊరికి తిరిగి వచ్చింది. వాళ్ల ఇంట్లో వేరేవాళ్లు ఉన్నారు. గుమ్మం బయట నిలబెట్టి మాట్లాడి పంపించేశారు. ఆమె రోజూ రైల్వే స్టేషనుకు వెళ్లి దిగేవాళ్ల మొహాలు చూసేది. ఎండాకాలమంతా చూసింది. చివరి పేజీ వచ్చింది. పుష్పమ్మ "మా అమ్మ" అని చదివి ఆగిపోయింది. తర్వాతి మాట ఆమెకు కనిపించింది. కూడబలుక్కునే పని లేనంత చిన్న మాట.

"మా అమ్మ... దొరికింది" అంది పుష్పమ్మ. "దొరికింది. తమ్ముడు గూడ దొరికిండు. అయిపోయింది."

హాలంతా ఒక్కసారి ఊపిరి వదిలింది. నిరోషా వేలు మాత్రం అక్కడినుంచి కదల్లేదు.

"అట్ల లేదత్తమ్మా."

"ఉన్నది. నేను సదివిన గదా."

"లేదు" అని, నిరోషా తనే చదివింది. గొంతు చిన్నది, వణకలేదు. "మా అమ్మ రాలేదు. యాకోబు రాలేదు. వాళ్లు ఎట్లా ఉండేవాళ్లని ఇప్పటిదాకా నన్ను ఎవరూ అడగలేదు. అందుకని ఇదంతా రాశాను."

ఆ కింద ఖాళీ కాగితం.

"ఇంకేం లేదా?" అంది పుష్పమ్మ.

"లేదు."

"గిదేం పుస్తకం? గిట్లెట్ల ఆపుతం?" ఆమె గొంతులో కోపం లేదు, గాబరా ఉంది. నలభై ఏళ్ల నియమం ఆమెది. చదవడానికి పేజీలు లేవు, ఆపడానికి మంచి చోటు లేదు.

అప్పుడు పెద్దమ్మ జరిగి నిరోషా మోకాలి మీద చెయ్యి వేసింది. గొంతు లేదు, ఊపిరితోనే అడిగింది. ఎవరూ మసలడం లేదు కాబట్టి వరండాలో ఉన్న మాకు కూడా వినిపించింది.

"నీ బిడ్డ ఎట్లుండె నిరోషా?"

"మనోరమా!" అంది పుష్పమ్మ.

నా పక్కన కౌశిక్ కిటికీ ఊచ పట్టుకున్నాడు. నిరోషా పుస్తకం వైపే చూస్తోంది. పెద్దమ్మ చెయ్యి తీయలేదు, మళ్లీ అడగలేదు. ఆమె అడగాల్సింది ఒకసారి అడిగి ఆగగలదు. అది అందరికీ రాదు. నాకైతే అసలు రాదు.

"మస్తు తుమ్మేది" అంది నిరోషా.

ఎవరికీ అర్థం కాలేదు.

"ఒకటి తుమ్మితే ఆగేది గాదు. రెండోది రావాల్సిందే. రెండోది తుమ్మి, దానికదే ఉలిక్కిపడేది. ఎవరో కొట్టినట్టు మూతి పెట్టేది." తన మూతి అట్లా పెట్టి చూపించింది. ఒకావిడ నవ్వబోయి నోటికి కొంగు అడ్డం పెట్టుకుంది. నిరోషా ఆమె వైపు చూసి తనూ కొద్దిగా నవ్వింది. నవ్వుతుండగానే కళ్లలోంచి నీళ్లు జారాయి. వాటిని తుడుచుకోలేదు. "చెవులు మాత్రం వాళ్ల నాన్నయే. ఇట్ల, బయటికి."

కౌశిక్ చెవులు నిజంగానే బయటికి ఉంటాయి. వరండాలో అందరూ అటు చూశారు. అతను రెండు చేతులతో మొహం కప్పుకున్నాడు.

"నా మీద గూడ తుమ్మింది" అంది పుష్పమ్మ హఠాత్తుగా. తాళంచెవుల గుత్తి ఎప్పుడు కింద పెట్టిందో, దూది మీద పడి ఉంది. "స్నానం పోసి ఒళ్లెకు తీసుకున్న. మొఖం మీదనే తుమ్మింది. రెండుసార్లు. కొత్త చీర కట్టుకున్న ఆ రోజు, నాకు తెల్వదా? నేను జూడలేదా?" కోడలి భుజం మీద తల ఆనించింది. అత్త కోడలి భుజం మీద ఏడవడం నేను అంతకుముందు చూడలేదు.

"ఇంక జెప్పు" అంది వెనక నుంచి ఎవరో. "జుట్టు ఉండెనా?"

నిరోషా చెప్పింది. జుట్టు గురించి, పాలు తాగుతూ ఒక చెయ్యి పైకెత్తి పట్టుకునే అలవాటు గురించి, ఎవరికీ చెప్పకుండా తను మనసులో పెట్టుకున్న పేరు గురించి. పేరు విని ఆడవాళ్లు ఒకరి తర్వాత ఒకరు ఆ పేరును పలికి చూశారు. బాగుంది అన్నారు. హాల్లో లైట్లు వేయాలని కూడా ఎవరికీ తోచలేదు, పీఠం దగ్గర దీపం వెలుగే ఉంది. ఆ వెలుగులో పుష్పమ్మ కళ్లు తుడుచుకుంది, పుస్తకాన్ని రెండు చేతులతో మూసింది, కళ్లకు అద్దుకుంది.

"వదినె," అంది మా పెద్దమ్మతో, "ఇగ ఇక్కడ ఆపొచ్చు."

పెద్దమ్మ తల ఊపింది. హారతి పాట ఎప్పుడూ ఆమే ఎత్తుకుంటుంది. ఆ రోజు గొంతు లేదు కాబట్టి మిగిలినవాళ్లు తలొక శ్రుతిలో పాడారు.